వీరుడు కాని సాక్షి: విల్లీ కోన్ డైరీ

ఫాసిజం గురించిన సాహిత్యం అనగానే మనకు రెండు రకాల పుస్తకాలు గుర్తుకొస్తాయి. ఒకటి, ఉరికంబం నీడలో కూర్చుని తన విశ్వాసాన్ని చాటిన జూలియస్ ఫ్యూజిక్ వంటి యోధుడి సాక్ష్యం. రెండోది, ఆనీ ఫ్రాంక్ వంటి చిన్నపిల్ల సాక్ష్యం. ఒకరి ధైర్యం ముందు తల వంచుతాం. మరొకరి అమాయకత్వం ముందు కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఈ రెండు రకాల మనుషులకూ మధ్య ఒక పెద్ద జనసమూహం వుంది. వాళ్ళు యోధులు కారు, పసివాళ్ళూ కారు. ఉద్యోగం, పెన్షన్, పుస్తకాల బీరువా, పిల్లల చదువులు, రాజ్యం మీద పాతుకుపోయిన ఒక నమ్మకం, వీటితో బతికే మధ్యతరగతి మనుషులు. ఫాసిజం నలిపేసిన వారిలో వీళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. అయినా వీళ్ళ సాక్ష్యాన్ని ఎలా చదవాలో మన విమర్శకు ఇంకా సరిగా అలవడలేదు. వీళ్ళు మనం కోరుకున్న మాటలు మాట్లాడరు. ఒక్కోసారి మనకు నచ్చని మాటలు కూడా మాట్లాడతారు.

అటువంటి సాక్ష్యం విల్లీ కోన్ డైరీ. కోన్ జర్మనీలో బ్రెస్లౌ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, చరిత్రకారుడు, యూదుడు. నాజీలు అధికారానికి వచ్చిన 1933 నుంచి 1941 నవంబరు దాకా ఆయన రాసుకున్న దినచర్య నోర్బెర్ట్ కొన్రాడ్స్ సంపాదకత్వంలో 2006లో రెండు సంపుటాలుగా జర్మన్‌లో వెలువడింది. దాని సంక్షిప్త రూపం ఇంగ్లీషులో 2012లో వచ్చింది. మన చేతికి అందేది ఆ సంక్షిప్త రూపమే. ఈ పుస్తకాన్ని ఆధారం చేసుకుని, బాధితుడి రచనను విమర్శకుడు ఏ కొలతతో కొలవాలనే ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందు మనిషి గురించి కొంత చెప్పాలి. కోన్ 1888లో బ్రెస్లౌలో పుట్టాడు. మధ్యయుగాల నాటి నార్మన్-సిసిలీ రాజ్యపు నౌకాబలం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడిగా పోరాడి ఐరన్ క్రాస్ పతకం అందుకున్నాడు. యుద్ధం తర్వాత యోహానెస్ గిమ్నాజియంలో ఉపాధ్యాయుడయ్యాడు. యూదు ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చోటిచ్చిన ఉదార సంప్రదాయం ఆ పాఠశాలది. ఆయన సోషల్ డెమొక్రాటిక్ పార్టీ సభ్యుడు. సోషలిస్టు నాయకుల జీవితాల మీద చిన్న పుస్తకాలు కూడా రాశాడు. మరోపక్క నియమంగా ప్రార్థనకు వెళ్ళే భక్తుడు. పాలస్తీనాలో యూదుల పునర్నిర్మాణం పట్ల అభిమానం వున్నవాడు. వీటన్నిటితో పాటు, వీటన్నిటికీ అడ్డంగా, గట్టి జర్మన్ దేశభక్తుడు. ఇన్ని విధేయతలు ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని మనకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ తరం జర్మన్ యూదు విద్యావంతుడికి అవి ఒకదానితో ఒకటి పొసగనివిగా కనిపించలేదు. వాటి మధ్య గోడ కట్టింది రాజ్యం.

ఆ గోడలో మొదటి రాయి 1933 ఏప్రిల్ 7న వచ్చిన చట్టం. ‘వృత్తి ఉద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం’ అని దాని పేరు. పేరులో ఎక్కడా ద్వేషం లేదు. పునరుద్ధరణ అనే మంచి మాట వుంది. ప్రభుత్వ ఉత్తర్వుల మధ్య బతికే ఉపాధ్యాయులకు ఈ భాష కొత్త కాదు. మనిషి మెడ మీద పడే కత్తికి కూడా ఒక సెక్షన్ నంబరు, ఒక తేదీ వుంటాయి. ఆ చట్టం మూడో సెక్షన్ ‘ఆర్యేతరులైన’ ఉద్యోగులను విశ్రాంతికి పంపమంటుంది. 1914 ఆగస్టుకు ముందునుంచీ ఉద్యోగంలో వున్నవారికి, యుద్ధరంగంలో పోరాడినవారికి, తండ్రినో కొడుకునో యుద్ధంలో పోగొట్టుకున్నవారికి మినహాయింపు ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నిబంధన, తాత అమ్మమ్మల్లో ఒక్కరు యూదులైనా చాలు ఆ మనిషి ఆర్యేతరుడే అని తేల్చింది.

కోన్ యుద్ధంలో పోరాడినవాడు. మూడో సెక్షన్ ఆయన్ని నేరుగా పట్టుకోలేదు. కాని దాని పక్కనే నాలుగో సెక్షన్ వుంది. గత రాజకీయ జీవితాన్ని బట్టి, జాతీయ రాజ్యాన్ని బేషరతుగా సమర్థిస్తారన్న హామీ లేని ఉద్యోగులను తొలగించవచ్చునని అది చెబుతుంది. సోషల్ డెమొక్రాట్ అయిన కోన్ రాజకీయంగా నమ్మదగనివాడన్న ముద్రతో 1933లోనే బడికి దూరమయ్యాడు. అప్పటికి ఆయన వయసు 44. ఒక ఉపాధ్యాయుడికి అనుభవం పండి, పాఠం తనంత తానుగా నోటికి వచ్చే వయసు అది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి వుంది. జాతి వివక్షనూ, కార్మికోద్యమం మీద దాడినీ మనం వేర్వేరు అధ్యాయాలుగా చదువుకుంటాం. ఆ చట్టం వాటిని పక్కపక్క సెక్షన్లుగా రాసింది. ఒక వల కన్నాన్ని తప్పించుకున్న చేప రెండో కన్నంలో పడింది. కోన్ జీవితంలో యూదుడు, సోషలిస్టు అనే రెండు ముఖాలనూ ఒకే కాగితం మీద కొట్టేశారు.

2

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ఇంతగా దెబ్బతిన్న మనిషి డైరీలో ఏం రాస్తాడని మనం ఎదురుచూస్తాం? ఆగ్రహం, తిరస్కారం, ధిక్కారం. అవి లేకపోలేదు. కాని వాటి పక్కనే మరొకటి వుంది. జర్మన్ సైన్యం సాధించిన విజయాలను ఆయన ఒక పాత సైనికుడి కళ్ళతో చూస్తాడు. హిట్లర్ విదేశాంగ విజయాలను ఒప్పుకుంటాడు. తనను మనిషిగా గుర్తించని దేశాన్ని తన దేశమనే అనుకుంటాడు. ఆయన మీద జర్మనీలో తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి ‘జర్మనీని ప్రేమించిన ఒక యూదుడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారంటే, చదివినవాళ్ళందరినీ కలవరపెట్టేది ఈ అంశమే అని తెలుస్తుంది.

ఈ పేజీలను ఏం చేయాలి? మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, పైకి చెప్పకుండా దాటిపోవడం. సంస్మరణ సభల్లో ఎక్కువగా జరిగేది ఇదే. రెండోది, ‘చైతన్యం లేని మధ్యతరగతి మనిషి, ఇంతకంటే ఏం రాస్తాడు’ అని పక్కన పెట్టడం. మన విమర్శలో ఈ తొందరపాటు కొంత వుంది. మూడోది, ఆ పేజీలనే రచనకు కేంద్రంగా తీసుకుని చదవడం. నేను మూడోదాన్నే సరైనదిగా భావిస్తున్నాను.

బాల్జాక్ గురించి ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖ మన పాఠకులకు కొత్త కాదు. రాచరికాన్ని అభిమానించిన బాల్జాక్, తాను ప్రేమించిన కులీనుల పతనాన్నే నవలల్లో నిర్దాక్షిణ్యంగా చిత్రించాడు. అభిప్రాయాల మీద వాస్తవికత గెలిచింది. ఈ సూత్రాన్ని కోన్‌కు యథాతథంగా అంటగట్టలేం. బాల్జాక్ పాత్రలను సృష్టించాడు, వాటిని ఒకదానితో ఒకటి ఢీకొట్టించాడు. డైరీకి ఆ స్వేచ్ఛ లేదు. అయినా మౌలికమైన పోలిక ఒకటి వుంది. జర్మనీ పట్ల కోన్ ప్రేమ ఒక అభిప్రాయం. ఆ జర్మనీ రోజురోజుకూ ఏం చేస్తున్నదో ఆయన కలం వదలకుండా నమోదు చేసింది. అభిప్రాయం మాత్రం మారడానికి మొరాయించింది. ఒకే మనిషిలో చూపుకూ నమ్మకానికీ మధ్య జరిగిన ఈ పెనుగులాటే డైరీకి ప్రాణం.

ఆ ప్రేమ ఎక్కడిది? దాన్ని వ్యక్తి బలహీనతగా తీసుకుంటే మనకేమీ అర్థం కాదు. దానికి భౌతిక పునాది వుంది. జర్మనీలో యూదులకు పౌరసత్వపు తలుపు తెరిచింది చదువు. విశ్వవిద్యాలయం, డాక్టరేటు, ప్రభుత్వోద్యోగం, యుద్ధంలో పతకం, ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క మెట్టు. ఉపాధ్యాయుడు అక్కడ రాజ్యానికి అధికారి, జాతి సంస్కృతికి వారసుడు. తాను కష్టపడి ఎక్కిన నిచ్చెన అబద్ధమని ఒప్పుకోవడం అంటే తన జీవితమే అబద్ధమని ఒప్పుకోవడం. తరగతి గదిలో ఏళ్ళ తరబడి ఏ చరిత్ర చెప్పాడో ఆ చరిత్రను వెనక్కి తీసుకోవడం. ఏ ఉపాధ్యాయుడికీ అది సులభం కాదు.

ఇక్కడ విక్టర్ క్లెంపెరర్‌తో పోల్చి చూడవచ్చు. ఆయన డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యాచార్యుడు. 1935లో ఉద్యోగం పోయింది. భార్య యూదు కాకపోవడం వల్ల చివరిదాకా బతికి బయటపడ్డాడు. నాజీల భాష మీద ఆయన 1947లో ప్రచురించిన పుస్తకం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ‘మూఢావేశం’ అనే తిట్టు మెచ్చుకోలుగా మారడం వంటి చిన్న చిన్న మార్పుల్లో ఆయన ఫాసిజాన్ని పట్టుకున్నాడు. క్లెంపెరర్ డైరీ ఆ పుస్తకానికి ముడిసరుకు. తాను సేకరించినదాన్ని కూర్చుకుని, ఆలోచించి, సిద్ధాంతం చేసే వ్యవధి ఆయనకు దొరికింది. కోన్‌కు దొరకలేదు. బతికినవాడి పుస్తకంలో వుండే స్పష్టతను చచ్చిపోయినవాడి పుస్తకంలో వెతకడం న్యాయం కాదు.

3

రూపం విషయానికి వస్తే, ఈ డైరీ చదవడానికి తేలికైనది కాదు. అనారోగ్యం, చదివిన పుస్తకాలు, చెప్పిన ఉపన్యాసాలు, దూరాన వున్న పిల్లల ఉత్తరాలు, చిన్న కూతురితో నడక, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. వాటి మధ్యలో, అదే గొంతుతో, కొత్త ఉత్తర్వులు. యుద్ధంలో పోరాడినవారికి ఇచ్చిన మినహాయింపు 1935 చివరికి పూర్తిగా రద్దయింది. 1938 నవంబరు విధ్వంసం జరిగిన కొద్ది రోజులకే మిగిలిన యూదు పిల్లలను జర్మన్ బడులనుంచి వెళ్ళగొట్టారు. 1939 జనవరి నుంచి పేరు చూడగానే యూదులని తెలియని ప్రతి యూదు పురుషుడూ ‘ఇస్రాయేల్’ అని, స్త్రీ ‘సారా’ అని పేరుకు చేర్చుకోవాలి. 1941 సెప్టెంబరు 19 నుంచి ఛాతీ మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి.

లూకాచ్ 1936లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కథనాన్నీ వర్ణననూ వేరు చేశాడు. కథకుడికి ముగింపు తెలుసు. అందుకే ఏది ముఖ్యమో ఏది కాదో ఎంచగలడు. వర్ణించేవాడికి అన్నీ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. ఈ లెక్కన డైరీ తక్కువ రకం రచన కావాలి. కాని కోన్ డైరీలో ఈ లోపమే ఒక సత్యంగా మారింది. దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళడమూ, ఒక హక్కు పోవడమూ ఒకే ఎత్తులో రాసి వుండడం చూసి మనం ఉలిక్కిపడతాం. ఫాసిజం దైనందిన జీవితంలోకి వచ్చేది సరిగ్గా ఆ ఎత్తులోనే. అది ఒక్కసారిగా తలుపు బద్దలు కొట్టుకుని రాదు. మొదట ఉద్యోగం, తర్వాత గ్రంథాలయం, తర్వాత పేరు, తర్వాత ఇల్లు. ప్రతి మెట్టు దగ్గరా ‘ఇంతటితో ఆగుతుందేమో’ అని అనుకోవడానికి చోటు వుంటుంది. ముగింపు తెలిసిన కథకుడు ఆ చోటును మనకు చూపించలేడు. చూపించినా మనం నమ్మం.

ఇందులో కోన్ వృత్తికి కూడా పాత్ర వుందనిపిస్తుంది. ఆయన మధ్యయుగ చరిత్రకారుడు. ఒక పాత ఓడల లెక్కనుంచో, మఠంలోని దస్తావేజునుంచో గతాన్ని నిర్మించే పని నేర్చినవాడు. సమకాలికుడికి అల్పంగా తోచిన వివరమే తర్వాతి తరానికి సాక్ష్యమవుతుందని ఆయనకు తెలుసు. బడి పోయాక కూడా ఆయన పాఠం చెప్పడం మానలేదు. యూదు సంస్థల్లో ఉపన్యాసాలిచ్చాడు. మధ్యయుగ జర్మనీలోని యూదు సమాజాల చరిత్ర సంపుటికి వ్యాసాలు రాశాడు. మిగతా తలుపులు మూసుకుపోయాక బ్రెస్లౌ కేథలిక్ చర్చి దస్త్రాల భాండారంలో కూర్చుని చదువుకున్నాడు. ఉద్యోగాన్ని రాజ్యం తీసుకోగలిగింది. వృత్తిని తీసుకోలేకపోయింది. డైరీ ఆ వృత్తికి చివరి రూపం.

4

పుస్తకం పేరు గురించి ఒక మాట చెప్పాలి. జర్మన్ ప్రచురణ పేరుకు దగ్గరి తెలుగు ‘న్యాయం లేదు, ఎక్కడా లేదు’ అని. అందులోని జర్మన్ మాటకు చట్టం, హక్కు, న్యాయం అనే మూడు అర్థాలూ వున్నాయి. ఇంగ్లీషు అనువాదంలో పేరు ‘జర్మనీలో న్యాయం లేదు’ అని మారింది. ‘ఎక్కడా’ అన్న మాట పోయి ‘జర్మనీలో’ అన్న మాట వచ్చింది. చిన్న మార్పులాగే కనిపిస్తుంది. నా దృష్టిలో ఇది చిన్నది కాదు.

‘జర్మనీలో’ అన్నప్పుడు నేరం ఒక్క దేశానిది. ‘ఎక్కడా’ అన్నప్పుడు మిగతా ప్రపంచం కూడా బోనెక్కవలసి వస్తుంది. 1938 జూలైలో ఎవియాన్‌లో 32 దేశాల ప్రతినిధులు కాందిశీకుల సమస్య మీద సమావేశమయ్యారు. సానుభూతి మాటలకు కొదవలేదు. తలుపులు మాత్రం దాదాపు అందరూ మూసుకునే వుంచారు. పాలస్తీనాను ఏలుతున్న బ్రిటిష్ ప్రభుత్వం 1939 మేలో వలసలకు మరింత కఠినంగా పరిమితి పెట్టింది. కోన్ 1937లో భార్యతో కలిసి పాలస్తీనా వెళ్ళాడు. కొడుకు అక్కడి సమష్టి క్షేత్రంలో పనిచేస్తున్నాడు. ఆ నేల కోన్‌కు నచ్చింది. కాని యాభైకి చేరువైన వయసు, ఆరోగ్యం, భార్య అయిష్టత, రెండో జీవితాన్ని ఏ పనితో మొదలుపెట్టాలన్న బెంగ, ఇవన్నీ కలిసి ఇద్దరూ బ్రెస్లౌకు తిరిగివచ్చారు. తర్వాత వెళ్ళిపోదామనుకున్నప్పుడు దారి దొరకలేదు. ముందటి ముగ్గురు పిల్లలు మాత్రం దేశం దాటి బతికారు.

‘ఎందుకు తిరిగి వచ్చాడు?’ అని ఇప్పుడు అడగడం మనకు తేలిక. చిన్న కూతురు పుట్టింది ఆ మరుసటి ఏడాది. అంటే ఆ ఇంట్లో భవిష్యత్తు మీద నమ్మకం ఇంకా చావలేదన్నమాట. ఆ నమ్మకాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు.

5

ఇంతగా మెచ్చుకున్నాక ఈ డైరీకి వున్న పరిమితిని కూడా చెప్పాలి. అది కోన్ వ్యక్తిగత లోపం కాదు, ఆయన నిలబడ్డ చోటు పరిమితి. తనకు జరిగినది ఆయనకు స్పష్టంగా కనిపిస్తుంది. తన కుర్చీలోకి ఎవరు వచ్చారో, ఎందుకు రాగలిగారో ఆ చోటునుంచి కనిపించదు. ఆర్థిక సంక్షోభ కాలంలో అత్యవసర ఉత్తర్వులతో జర్మన్ ప్రభుత్వోద్యోగుల జీతాలు కోశారు. చదువుకున్న యువకులు ఉద్యోగాల కోసం ఏళ్ళ తరబడి కాచుకుని వున్నారు. 1933 ఏప్రిల్ 25న విద్యాసంస్థల్లో యూదుల ప్రవేశాన్ని 1.5 శాతానికి కుదించిన చట్టానికి పెట్టిన పేరు ‘జర్మన్ పాఠశాలల్లో, ఉన్నత విద్యాసంస్థల్లో రద్దీ నివారణ చట్టం’. ద్వేషానికి ఉద్యోగాల లెక్క తోడయింది. ఒకరి తొలగింపు మరొకరికి నియామకం. కొన్నేళ్ళలోనే జర్మన్ ఉపాధ్యాయుల్లో 90 శాతానికి పైగా నాజీ ఉపాధ్యాయ సంఘంలో చేరిపోయారు. వాళ్ళంతా రాక్షసులు కారు. చాలామంది జీతం, బదిలీ, పదోన్నతి గురించి ఆలోచించే మామూలు మనుషులు.

ఆ రెండో ఇంటిని చూపించినవాడు బ్రెహ్ట్. ‘మూడో రైఖ్‌లో భయమూ దైన్యమూ’ అనే నాటకంలో ఒక దృశ్యం వుంది. ఒక ఉపాధ్యాయుడు ఇంట్లో ప్రభుత్వం గురించి ఏదో అంటాడు. కాసేపటికి చూస్తే కొడుకు కనిపించడు. తనమీద చెప్పడానికి వెళ్ళాడేమోనని తల్లీ తండ్రీ వణికిపోతారు. హిట్లర్ పటం ఎక్కడ తగిలించాలి, ఐరన్ క్రాస్ పెట్టుకోవాలా అని సతమతమవుతారు. పిల్లవాడు చాక్లెట్లు కొనుక్కుని తిరిగివస్తాడు. అయినా వాళ్ళకు నమ్మకం కుదరదు. ఆ ఇంట్లోనూ అదే ఐరన్ క్రాస్, కోన్ ఇంట్లోనూ అదే. ఒక ఇంట్లో అది దాక్కోవడానికి పనికొచ్చే కవచం. మరో ఇంట్లో దేనికీ పనికిరాని లోహం. ఈ రెండు రచనలనూ కలిపి చదివితే తప్ప ఆ కాలపు పాఠశాల మొత్తం మనకు కనిపించదు. కోన్ డైరీకి బ్రెహ్ట్ వంటి విశ్లేషణ కావాలి. బ్రెహ్ట్ దృశ్యానికి కోన్ వంటి తేదీలు కావాలి.

6

డైరీలో చివరి తేదీ 1941 నవంబరు 17. నవంబరు 25న బ్రెస్లౌ నుంచి సుమారు వెయ్యిమంది యూదులతో ఒక రైలు బయలుదేరింది. అందులో కోన్, ఆయన భార్య, తొమ్మిదేళ్ళ కూతురు, మూడేళ్ళ కూతురు వున్నారు. రైలు లిథువేనియాలోని కౌనాస్ చేరింది. నవంబరు 29న ఆ ఊరి తొమ్మిదో కోట దగ్గర అందరినీ కాల్చి చంపారు.

ఆ రోజు గురించి రాసిన కాగితం కూడా ఒకటి మిగిలింది. హత్యాదళం నాయకుడు కార్ల్ యేగర్ 1941 డిసెంబరు 1న పై అధికారులకు పంపిన నివేదిక అది. అందులో ఆ తేదీకి ఎదురుగా వున్న లెక్క: వియన్నా, బ్రెస్లౌలనుంచి వచ్చిన పురుషులు 693, స్త్రీలు 1155, పిల్లలు 152, మొత్తం 2000. కూడిక సరిగానే వుంది. మొత్తం నివేదికకు చివర 1,37,346 అని రాసి వుంది.

ఒకే కాలంలో, ఒకే భాషలో, చదువుకున్నవాళ్ళే రాసిన రెండు లెక్కల పుస్తకాలు ఇవి. రెంటిలోనూ తేదీలున్నాయి, ఊళ్ళ పేర్లున్నాయి, ఆవేశం లేదు. ఒకదానిలో ఆ ఇద్దరు పిల్లలు 152లో ఇద్దరు. మరొకదానిలో ఒకరు నడక నేర్చారు, జబ్బుపడ్డారు, తండ్రి వేలు పట్టుకుని తిరిగారు. వస్తువు శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనం తరచు అంటాం. ఇక్కడ జరిగినది ఒకటే. ఎవరి పక్షాన నిలబడి లెక్క రాశారన్నదే రెండు రచనలనూ వేరు చేసింది. సాహిత్యానికీ రికార్డుకూ మధ్య గీత ఎక్కడ వుందని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

బ్రెస్లౌ ఈనాడు పోలండులోని వ్రోత్స్వావ్. 1945 తర్వాత అక్కడి జర్మన్ జనాభాను వెళ్ళగొట్టారు. 1933లో 20 వేలకు పైగా వున్న ఆ నగరపు యూదు సమాజం అంతకుముందే అంతరించింది. కోన్ ప్రేమించిన జర్మనీ ఎప్పుడైనా నిజంగా వుందా అన్నది వేరే చర్చ. ఆయన నమోదు చేసిన జర్మనీ మాత్రం వుంది, తేదీలతో సహా వుంది.

ప్రగతిశీల విమర్శ అంటే రచయిత చేతిలో ఏ జెండా వుందో చూసి తీర్పు చెప్పడం కాదని మన పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు. బాధితుల విషయంలో ఆ మాటను మనం తరచు మరిచిపోతున్నాం. అణచివేతకు గురైనవాడు వీరుడై వుండాలని, లేదా నిష్కల్మషుడై వుండాలని, కనీసం మన అభిప్రాయాలతో ఏకీభవించాలని కోరుకుంటున్నాం. అలా వుంటేనే అతని బాధకు విలువ కడుతున్నాం. కోన్ ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గడు. ఆయన భయపడ్డాడు, భ్రమపడ్డాడు, తనను చంపబోయే రాజ్యం విజయాలను ఒక్కోసారి మెచ్చుకున్నాడు. అయినా ప్రతి రోజూ కూర్చుని చూసింది చూసినట్టు రాశాడు. అన్యాయానికి గురికావడానికి అర్హతలేమీ అక్కరలేనప్పుడు, సాక్ష్యం చెప్పడానికి మాత్రం అర్హతలు ఎందుకు అడగాలి?